వేరేగా ఉన్నవాళ్లతో కలిసిపోవడం చిన్నపిల్లలకి ఎలా నేర్పాలి

చిన్నపిల్లలకి తేడాలేం తెలుస్తాయి, వాళ్లు దేవుడితో సమానం అని మనం హాయిగా అనేసుకుంటాం. తెలుస్తాయండి. కులం అనే మాట తెలియకపోవచ్చు గానీ ఎవరొస్తే నాన్న కుర్చీ వేస్తాడో, ఎవరిని అరుగు కిందే నిలబెట్టి మాట్లాడతాడో, టీ ఎవరికి స్టీలు గ్లాసులో వెళ్తుందో ఎవరికి పేపరు కప్పులో వెళ్తుందో నాలుగేళ్లు వచ్చేసరికి వాళ్లు కనిపెట్టేస్తారు. మూడు నెలల పసివాళ్లు కూడా తమకి అలవాటైన పోలికలున్న ముఖాలనే ఎక్కువసేపు చూస్తారని పరిశోధనల్లో తేలింది. తేడా గమనించడం తప్పేమీ కాదు, బుర్ర పనిచేస్తున్నట్టు లెక్క. ఆ తేడాకి ఎక్కువ, తక్కువ అని వెల కట్టడం మాత్రం మనల్ని చూసే నేర్చుకుంటారు. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగం పనులు పిల్లలకి కావు, మనకే.

ఇది మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకి. మన కోనసీమలో, భీమవరం, నరసాపురం వైపు ఇళ్లల్లో రోజూ జరిగేవే తీసుకుని ఒక్కొక్కటీ చెప్తాను.

ముందు మీ ఇంటిని పిల్లల కళ్లతో చూడండి

పిల్లలతో ఒక్క మాట కూడా మాట్లాడకముందు ఓ వారం పాటు ఊరికే గమనించండి. కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన మనిషి, అంట్లు తోమే ఆవిడ, మురుగుకాలవ శుభ్రం చేసే పంచాయతీ మనిషి, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, వీళ్లని మీ ఇంట్లో ఎవరు ఎలా పిలుస్తున్నారు? గోదావరి జిల్లాలంటే మర్యాదకి పేరు, ఆయ్ అండీ లేకుండా మనకి మాట సాగదు, కానీ ఆ మర్యాద గేటు దగ్గర కొందరికే అందుతుంది. అరవై ఏళ్ల మనిషిని పట్టుకుని ఐదేళ్ల పిల్లాడు "ఒరేయ్, కాయలు ఇటు వెయ్యరా" అంటే ఇంట్లో అందరూ ముద్దుగా నవ్వుతారు. తాతయ్య అలాగే పిలుస్తాడు కాబట్టి వాడూ పిలిచాడు, పైగా నవ్వారు కాబట్టి మళ్లీ పిలుస్తాడు.

కాబట్టి మొదట పిలుపు మార్చండి. దింపు తీసే ఆయన పిల్లలకి తాతయ్యో మావయ్యో అవ్వాలి, అంట్లు తోమే ఆవిడ పిన్నో అత్తో అవ్వాలి, అది కూడా పిల్లల ముందు మీరు అలా పిలిస్తేనే జరుగుతుంది. తర్వాత గ్లాసులు. పనివాళ్లకని గూట్లో విడిగా పెట్టిన గ్లాసు ఉంటే తీసేయండి, అందరికీ ఒకటే సెట్టు వాడండి. అమ్మమ్మగారు ఊరుకోరు అనుకుంటే ఆ సంగతి కిందకి వస్తాను. తర్వాత కుర్చీ. ఇంటికి వచ్చిన ఏ మనిషినైనా "కూర్చోండి" అనడం, ఆ కుర్చీని పిల్లల చేతే తెప్పించడం, ఇంత చిన్న పని పాతిక నీతికథల కంటే బాగా పనిచేస్తుంది.

ఇంకోటి, బూచోడు. అన్నం తినకపోతే రోడ్డు మీద పోయే మనిషిని చూపించి "అదిగో వచ్చాడు, నిన్ను సంచిలో వేసుకుని పోతాడు" అంటాం. ఎవర్ని చూపిస్తాం? చిరిగిన బట్టలేసుకున్నవాళ్లని, తనలో తను మాట్లాడుకుంటూ పోయేవాళ్లని, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లని, రైల్లో చప్పట్లు కొట్టే హిజ్రాలని. రెండు ముద్దలు తినిపించడం కోసం ఆ మనుషులంటే జన్మంతా ఉండిపోయే భయం పెడుతున్నాం. ఇది ఇవాళే మానేయాలి. అలాగే కాలు లేని మనిషి కనపడగానే "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నాడో" అని పిల్లల ముందు నిట్టూర్చడం కూడా. ఆ మాట విన్న పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే, అతను చెడ్డవాడు కాబట్టి అలా అయ్యాడని.

తేడా అన్న సంగతి ఇంట్లోవాళ్లతోనే మొదలుపెట్టండి

మూడు నాలుగేళ్ల పిల్లలకి ఇదొక్కటీ చాలు. అన్నం తినేటప్పుడో, స్నానం చేయించేటప్పుడో, "అక్కది పుర్రచెయ్యి, ఎడం చేత్తో రాస్తుంది, నువ్వు కుడిచేత్తో రాస్తావు, తాతయ్యకి మిషన్ పెట్టుకుంటేనే వినపడుతుంది, అత్త జుట్టు ఉంగరాలు, నాది సాఫీ" అని ఊరికే లెక్కపెట్టించండి. ఏది మంచిదో చెప్పొద్దు. పుర్రచేత్తో తినే పిల్లని చేతి మీద కొట్టే ఇంట్లో పిల్లలకి ఇంకెవరి తేడా గురించి చెప్పినా ఎక్కదు, ముందు అది మానండి.

నలుగురిలో గట్టిగా అడిగేసినప్పుడు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కారు అనుకోండి. బళ్లు, మనుషులు, చేపల బుట్టలు, అందరూ దగ్గర దగ్గరగా ఉంటారు, నరసాపురం ఒడ్డు వచ్చేదాకా ఎక్కడికీ పోలేరు. మీ అబ్బాయి వేలు పెట్టి చూపిస్తూ "అమ్మా, ఆయనకి కాలు లేదేంటి?" అంటాడు. మన చెయ్యి వెంటనే వాడి నోటి మీదకి పోతుంది. "ష్, తప్పు, అలా అనకూడదు." ఆ మనిషి విన్నాడు, మీరు నోరు మూయించడమూ చూశాడు. పిల్లాడికేమో కాలు లేకపోవడం అనేది మాట్లాడకూడనంత భయంకరమైన విషయం అని అర్థమైంది.

ఇలా చేయండి. ముందు మీరు కంగారు పడకండి, గొంతు మామూలుగా ఉంచండి. అడిగినదానికి ఒక్క వాక్యంలో నిజం చెప్పండి: "అవును, ఆయనకి ఒక కాలు లేదు, కర్రల సాయంతో నడుస్తారు." అంతే, దీంట్లో తిట్టూ లేదు, జాలీ లేదు. తర్వాత వేలు దింపించి, "వేలు పెట్టి చూపిస్తే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుంది నాన్నా, పలకరిద్దాం రా" అని మీరే నవ్వుతూ ఆయన వైపు చూడండి. ఎక్కువమంది నవ్వి మాట్లాడతారు, కొంతమంది చిన్నపిల్లలు అడిగితే తామే చెప్తారు. ఆయనకి మాట్లాడాలని లేకపోతే ముఖంలోనే తెలుస్తుంది, వదిలేయండి, ఆయన మన పిల్లలకి పాఠం చెప్పడానికి పంటు ఎక్కలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్నని మళ్లీ తీయండి, ఎందుకంటే వాడి మనసులో ఇంకా రెండు ప్రశ్నలు ఉంటాయి. నాకూ అలా అవుతుందా? ముట్టుకుంటే అంటుకుంటుందా? పిల్లలు దూరం జరిగేది చాలాసార్లు అసహ్యంతో కాదు, ఈ భయంతోనే. కాలిన మచ్చలు అంటుకోవు, బొల్లి అంటుకోదు, నత్తి అంటుకోదు, పుట్టుకతోనే వచ్చే డౌన్ సిండ్రోమ్ అంటుకోదు అని పేరు పేరునా చెప్పండి. వీలైతే మీరే ఆ మనిషితో చేయి కలిపి చూపించండి.

కొన్ని ప్రశ్నలకి జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుంటే మంచిది, ఆ నిమిషంలో మాట తోచదు.

కళ్లు కనపడనివాళ్ల గురించి అడిగితే: "ఆవిడకి కళ్లు కనపడవు, చెవులతో, కర్రతో దారి తెలుసుకుంటారు. దగ్గరికెళ్లినప్పుడు ముందు నీ పేరు చెప్పు. సాయం కావాలా అని అడుగు, ఊఁ అంటేనే నీ చెయ్యి పట్టుకోనివ్వు, నువ్వు లాగకు." చక్రాల కుర్చీకీ ఇదే మాట, అడగకుండా తొయ్యకూడదు.

మాటలు రాని, చప్పుడుకి చెవులు మూసుకునే పిల్లాడి గురించి అడిగితే: "వాడికి గట్టి చప్పుళ్లు మనకంటే చాలా ఎక్కువగా వినపడతాయి, అందుకే భయపడుతున్నాడు. మాట్లాడకపోయినా నువ్వు చెప్పేది వింటాడు." ఇలా ఆటిజం ఉన్న పిల్లలున్న ఇల్లు పక్కనే ఉంటే దీపావళికి ముందు వెళ్లి ఏ వేళకి టపాసులు కాలుస్తారో చెప్పి రండి, మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.

రాజమండ్రి నుంచి సామర్లకోట వెళ్లే రైల్లో హిజ్రాలని చూసి అడిగితే, నేనైతే ఇలా చెప్తాను: "పుట్టినప్పుడు అందరూ అబ్బాయి అనుకున్నారు, పెద్దయ్యాక కాదు నేను అమ్మాయినే అని ఆవిడ చెప్పింది. అందుకని మనం అక్క అని పిలుద్దాం." ఐదారేళ్ల పిల్లలకి ఇది చాలు, వాళ్లు మనకంటే తొందరగా ఒప్పుకుని కిటికీ వైపు తిరిగిపోతారు. 2014లోనే సుప్రీంకోర్టు తమది ఆడో మగో మూడో లింగమో చెప్పుకునే హక్కు వాళ్లదేనని తీర్పు ఇచ్చింది, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వాదిస్తే ఈ మాట చెప్పండి.

రంగు గురించి

మనవైపు ఇది అన్నిటికంటే ఎక్కువ గాయం చేస్తుందని నా నమ్మకం, పైగా చేసేది బయటివాళ్లు కాదు. పురిట్లో బిడ్డని చూడగానే వచ్చే మొదటి వ్యాఖ్య రంగు మీదే. ఆడపిల్లని ఎండలో ఆడనివ్వరు, నల్లబడితే ఎవరు చేసుకుంటారని ఐదేళ్ల పిల్ల ముందే అంటారు. 1940ల్లో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి మంచిది ఏదని అడిగితే చాలామంది తెల్లబొమ్మనే చూపించారు. తమలాగే ఉన్న బొమ్మని కాదన్నారు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలు. అంతర్వేది తీర్థంలో బొమ్మల కొట్లు ఒకసారి చూడండి, మన పిల్లల రంగులో ఎన్ని బొమ్మలు ఉంటాయో.

చేయాల్సింది పెద్దగా ఏం లేదు. చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుందని, ఎండ నుంచి అది మనల్ని కాపాడుతుందని, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ ఉంటుందని ఆరేళ్ల పిల్లలకి అర్థమయ్యేలా చెప్పొచ్చు. చుట్టాలు రంగు గురించి ఎత్తగానే అక్కడే, పిల్ల వింటుండగానే, "మా ఇంట్లో రంగుల మాట వద్దు పిన్నీ" అని నవ్వుతూనే ఆపేయండి. తర్వాత చాటుగా చెప్తే ఉపయోగం లేదు, మీరు ఆపడం పిల్ల వినాలి.

కలిసి ఆడాలి, కలిసి తినాలి

అసలు పని ఇక్కడుంది. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పిన మాట ఇప్పటికీ నిలబడింది: వేరు వేరు గుంపుల మనుషులు ఊరికే ఎదురుపడితే దురభిప్రాయాలు పోవు, ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పైన ఉన్న పెద్దలు దాన్ని మెచ్చాలి. మన ఊళ్లకి ఇది అన్వయించి చూడండి. పేటలో, అంటే దళితవాడలో ఉండే పిల్ల మీ ఇంటికి రోజూ వస్తుంది, కానీ వాళ్లమ్మ పని చేస్తుంటే పక్కన కూర్చుంటుంది. మీ పాప పాత గౌన్లు ఆ పిల్లకి వెళ్తాయి. దీన్ని మనం కలిసిమెలిసి ఉండటం అనుకుంటాం. సమాన హోదా ఎక్కడుంది అందులో?

కాబట్టి పిల్లల్ని ఒకే పనిలో పెట్టండి. సంక్రాంతి ముగ్గుకి గొబ్బెమ్మలు చేయడం, ఏడు పెంకులాటలో ఒకే జట్టులో వేయడం, బడి తోటకి నీళ్లు మోయడం. టీచర్లయితే ఇంకా బాగా చేయొచ్చు: పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి నలుగురికి ఒక్కో ముక్క ఇవ్వండి, ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతా ముగ్గురికీ చెప్పాలి, అందరివీ కలిస్తేనే జవాబు వస్తుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే ఆయన బళ్లలో జాతుల మధ్య గొడవలు తగ్గించడానికి ఈ పద్ధతి పెట్టారు. మూడో తరగతి పిల్లలతో హాయిగా చేయించొచ్చు.

ఇక తినడం. క్రిస్మస్‌కి పక్కింటి నుంచి కేకు వస్తే తీసుకుంటాం, రంజాన్‌కి సేమ్యా వస్తే తీసుకుంటాం, మనం అరిసెలు, పూతరేకులు పంపుతాం. మంచిదే. కానీ మీ పిల్లని పేటలో ఉండే ఫ్రెండ్ పుట్టినరోజుకి పంపండి, అక్కడ వాళ్లతో పాటు కింద కూర్చుని అన్నం తిని రానివ్వండి, వీలైతే మీరూ వెళ్లి తినండి. ఇంటికొచ్చాక "ఏం పెట్టారు, శుభ్రంగా ఉందా" అని ఆరా తీయకండి. "ఏం ఆడారు" అని అడగండి. మీరు ఎంత చక్కగా మాట్లాడినా ఈ ఒక్క భోజనం దగ్గర తడబడితే పిల్లలకి మొత్తం అర్థమైపోతుంది.

భాష రాని పిల్లలతో

నాట్ల టైమ్‌లో బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు, ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలు కుటుంబాలే వస్తాయి, రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లలో చిన్నపిల్లలతో ఉంటున్నారు. మన పిల్లలు వాళ్లని చూసి "హిందీవాళ్లు" అని పారిపోతారు. ఓ రెండు మాటలు నేర్పించండి. ఒడియాలో ఎలా ఉన్నావు అనడానికి "కెమితి అఛ", బెంగాలీలో "కెమొన్ ఆఛో". పలికిన తీరు తప్పినా ఫర్వాలేదు, అవతలి పిల్ల ముఖం వెలిగిపోతుంది. తర్వాత గోళీలకి, తొక్కుడు బిళ్లకి భాష అక్కర్లేదు.

ఆ పిల్లలు ఎందుకొచ్చారు, బడికి ఎందుకు వెళ్లట్లేదు అని అడిగితే మన ఇళ్ల నుంచే చెప్పండి. కోనసీమలో మస్కట్‌కో కువైట్‌కో పనికి వెళ్లిన మనిషి లేని వీధి దొరకడం కష్టం. "అత్త కువైట్ వెళ్లినప్పుడు అక్కడ ఎవరి మాటా అర్థం కాలేదు కదా, అక్కడ ఎవరైనా అత్తని వెక్కిరిస్తే నీకెలా ఉంటుంది" అంటే ఐదేళ్ల పిల్లకి కూడా ఇట్టే తెలుస్తుంది.

జిల్లా పేరు ఉన్న బోర్డు చదివే వయసు వస్తే

ఏడెనిమిదేళ్లు వచ్చాక డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని బస్టాండులో చదివి, ఎవరాయన అని అడుగుతారు. రాజ్యాంగం రాశారు అని ముగించేయకండి. ఆయన చిన్నప్పటి సంగతి చెప్పండి: బడిలో అందరితో కూర్చోనివ్వకపోతే ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చునేవారు, దాహం వేస్తే కుళాయి తనే తిప్పుకోకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి, అతను రాకపోతే నీళ్లు లేవు. ఈ కథ విన్న పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఎందుకలా చేశారు అని. "ఆ పిల్లాడు తక్కువ కులంలో పుట్టాడని అనుకున్నారు, అది అన్యాయం, ఇప్పుడు అలా చేయడం చట్టప్రకారం నేరం, కానీ ఇప్పటికీ కొందరు చేస్తున్నారు" అని చెప్పండి. చివరి ముక్క వదిలేయకండి. 2022 మేలో జిల్లాకి ఈ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు, ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, వాళ్లకి మనం చెప్పకపోతే ఫోనులో ఎవరో చెప్తారు.

మీ పిల్లాడే ఎవరినైనా వెక్కిరిస్తే

నత్తి ఉన్న క్లాస్‌మేట్‌ని అనుకరించాడని టీచర్ చెప్పింది అనుకోండి. నలుగురిలో తిట్టొద్దు, కొట్టొద్దు. కొడితే వాడికి ఆ పిల్లాడి మీద కోపం వస్తుంది, వీడి వల్లే దెబ్బలు పడ్డాయని. ఒంటరిగా కూర్చోబెట్టి ఏం జరిగిందో వాడి నోటితోనే చెప్పించండి, అప్పుడు ఆ అబ్బాయి ఏం చేశాడో అడగండి, ఏడ్చాడా, వెళ్లిపోయాడా. ఉపన్యాసం వద్దు, కాసేపు మాట్లాడకుండా ఉండండి. తర్వాత ఏం చేస్తే సర్దుకుంటుందో వాడినే ఆలోచించనివ్వండి. బలవంతపు సారీ కంటే రేపు మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన కూర్చోవడం మేలు. నత్తి ఉన్నవాళ్ల మాట మధ్యలో మనం పూర్తి చేయకూడదని, వాళ్లు ముగించేదాకా ఆగాలని అప్పుడే నేర్పండి. అదే పిల్లాడు ఇంకోసారి వెక్కిరింపు విని నవ్వకుండా ఊరుకుంటే అది చూసి మెచ్చుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే

గ్లాసుల దగ్గర గొడవ తప్పదు. పిల్లల ముందు వాదించొద్దు, అలాగని తలొంచి పాత గ్లాసు మళ్లీ గూట్లో పెట్టొద్దు. పిల్లకి మాత్రం "అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్లకి అలా నేర్పారు, మనం ఇలా చేద్దాం" అని చెప్పండి. అమ్మమ్మ మీద ప్రేమ తగ్గదు, మీ మాట కూడా నిలుస్తుంది.

వేరేగా ఉన్నది మీ పిల్లే అయితే

ఇది చాలామంది రాయరు. మిగతా పిల్లలు మారేదాకా మీ పిల్ల ఆగలేదు కదా. ముందు తనకి తన సంగతి దాచకుండా చెప్పండి, బయట ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక చిన్న వాక్యం ఇంట్లోనే ఇద్దరూ ప్రాక్టీస్ చేయండి: "నాకు చెవులు సరిగ్గా వినపడవు, ఇది వినే మిషన్. ఎదురుగా నిలబడి మాట్లాడు." చెప్పాలని లేకపోతే "ఇప్పుడు చెప్పను" అనే హక్కు కూడా ఉందని చెప్పండి. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి అక్కడ టీచర్లు ఉంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి సీటు కాదనడానికి వీల్లేదు.

జూన్‌లో బడి తెరవడానికి ముందే క్లాస్ టీచర్‌ని కలవండి. రోగం పేరు కంటే పనికొచ్చే విషయాలు చెప్పండి: ముందు బెంచీలో కూర్చోబెడితే చాలు, ఫ్యాను చప్పుడుకి చిరాకు పడుతుంది, బాత్రూమ్‌కి అడగడానికి ఇలా సైగ చేస్తుంది, బొమ్మలు బాగా వేస్తుంది. ఆ చివరిది తప్పకుండా చెప్పండి, మొదటి రోజు క్లాసులో టీచర్ ఆ బొమ్మల సంగతితోనే పరిచయం చేయాలని కూడా అడగండి.